వరి పొలాల్లోని చిరు సాలీళ్ళు: పేరు ఎంతవరకు రాయవచ్చు?

ఒక పొలంబడిలో జరిగిన చిన్న సంభాషణతో ప్రారంభిస్తాను. వరి నాటి నెల రోజులు కావస్తోంది. దుబ్బు మొదట్లో తెల్లని పళ్ళెం పెట్టి తట్టగా సుడిదోమ పిల్లపురుగులతో పాటు ఆవగింజంత సాలీడు ఒకటి పడింది. అంతకు కొద్దిసేపటి ముందే ఆకు వెంబడి కాళ్ళు ముందుకూ వెనుకకూ చాపుకొని ఉన్న టెట్రాగ్నాతను రైతులకు చూపించి ఉన్నాము. పళ్ళెంలోని దానిని చూసి ఒక పెద్దాయన "ఇది ఆ పొడుగు సాలీడు పిల్లేనా సార్?" అని అడిగారు. "అవునండీ, పిల్లే" అన్నాను. అలా అనడానికి నా వద్ద ఏ ఆధారమూ లేదు. సాలీడు చిన్నదిగా ఉంది, కనుక పిల్ల అయి ఉంటుందని అనుకున్నాను, అంతే.

రైతుకు చెప్పిన ఆ మాట వల్ల పెద్ద నష్టమేమీ జరిగి ఉండదు. పిల్లయినా పెద్దయినా అది మిత్రజీవియే. అయితే కొన్నేళ్ళ తరువాత ఒక స్నాతకోత్తర విద్యార్థి సిద్ధాంత వ్యాసాన్ని పరిశీలిస్తున్నప్పుడు అదే మాట పట్టిక రూపంలో ఎదురైంది. వరిలోని సాలీళ్ళ సంఖ్యను వారం వారం లెక్కించి, చిన్నవీ పెద్దవీ అన్నింటినీ టెట్రాగ్నాత ప్రజాతి కింద చేర్చి, వాటిలో అధిక భాగానికి జాతి పేరు కూడా రాశారు. ఆ నమూనాలను ఒకసారి చూడవచ్చునా అని అడిగితే, లెక్క పూర్తి కాగానే పారవేశామని సమాధానం వచ్చింది. ఆ విద్యార్థిని తప్పుపట్టే హక్కు నాకు లేదు. నా విద్యార్థి దశలో నేనూ అదే చేశాను, నా మార్గదర్శకులూ అడ్డు చెప్పలేదు. కానీ ఆ పట్టికలోని చిన్న సాలీళ్ళు నిజానికి ఏవో ఇక ఎవరూ తేల్చలేరు.

వరి దుబ్బు మొదట్లో, నీటి మట్టానికి దగ్గరగా తిరిగే చిన్న సాలీళ్ళన్నీ పెద్దవాటి పిల్లలు కావు. పూర్తిగా ఎదిగిన తరువాత కూడా 2 నుంచి 3 మిల్లీమీటర్లకు మించని జాతులు వాటిలో ఉన్నాయి. అటువంటి వాటిలో ఒకటి గ్లెనోగ్నాత డెంటాటా. ఇది టెట్రాగ్నాతిడే కుటుంబానికే చెందినది, అంటే పొడుగు సాలీడుకు దాయాదియే. భారతదేశం, బంగ్లాదేశ్, మయన్మార్, వియత్నాం, ఫిలిప్పీన్స్, చైనాల నుంచి ఇది నమోదైంది. గ్లెనోగ్నాత సాలీళ్ళు నేలకు దగ్గరగా, దాదాపు అడ్డంగా, చిన్న చక్రాకారపు గూడు అల్లుతాయి. ఉదయం మంచు బిందువులు ఆరకముందు వంగి చూస్తే తప్ప ఆ గూడు కంటపడదు. మనం పది గంటలకు పొలానికి వెళ్ళి, మోకాలి ఎత్తులో వల ఊపి, "చక్రపు గూటి సాలీళ్ళు తక్కువగా ఉన్నాయి" అని రాసుకొని వస్తాము.

దీని పేరు మారిన వైనం మన విద్యార్థులకు తప్పక తెలియాలి. 1978లో చైనా శాస్త్రవేత్తలు జు, వెన్ ఈ జాతిని వర్ణించినప్పుడు దానిని డిస్కిరియోగ్నాత ప్రజాతిలో ఉంచారు. ఆ ప్రజాతిని 1893లో ఫ్రెంచి శాస్త్రవేత్త యూజెన్ సిమోన్ బోర్నియో నుంచి వచ్చిన ఒక సాలీడు ఆధారంగా స్థాపించాడు. గ్లెనోగ్నాతను స్థాపించినదీ ఆయనే, అంతకు ఆరేళ్ళ ముందు, 1887లో. ఒకే మనిషి స్థాపించిన ఈ రెండు ప్రజాతుల మధ్య సరిహద్దు ఎక్కడ అన్నది తరువాతి శతాబ్దమంతా వివాదంగానే మిగిలింది. ఆసియాలో దొరికిన చిన్న, గుండ్రటి పొట్ట గల, బలమైన దవడలున్న సాలీళ్ళను ఎక్కువగా డిస్కిరియోగ్నాతలో చేరుస్తూ పోయారు. దగ్గరి పరిశీలన తరువాత వాటిలో కొన్ని గ్లెనోగ్నాతలోకి, మరికొన్ని పాకిగ్నాతలోకి వెళ్ళాయి. నాలుగు మచ్చల కారణంగా క్వాడ్రిమాక్యులేటా అని పేరుపొందిన జపాను జాతి నేడు పాకిగ్నాతలో ఉంది. 2016లో కాబ్రా-గార్సియా, బ్రెస్కోవిట్ గ్లెనోగ్నాత ప్రజాతిని పునఃపరిశీలించి, వంశవృక్ష విశ్లేషణతో సహా ప్రచురించారు. ఒకప్పుడు విశాలంగా కనిపించిన డిస్కిరియోగ్నాతలో ఇప్పుడు మిగిలినవి కొద్ది జాతులే.

దీని ఆచరణాత్మక ఫలితం ఒకటుంది. వరి సాలీళ్ళపై మన గ్రంథాలయాల్లో ఎక్కువగా సంప్రదించే పుస్తకం బారియన్, లిట్సింగర్ 1995లో వెలువరించిన దక్షిణ, ఆగ్నేయాసియా వరి సాలీళ్ళ గ్రంథం. అది అమూల్యమైన గ్రంథం, అందులో సందేహం లేదు. అయితే అందులోని ప్రజాతుల పేర్లు 1995 నాటివి. దానిని మాత్రమే చూసి రాసిన విద్యార్థి డిస్కిరియోగ్నాత అని రాస్తాడు, సూచికను చూసిన విద్యార్థి గ్లెనోగ్నాత అని రాస్తాడు. మూడవ వ్యక్తి ఈ రెండు వ్యాసాలనూ చదివి, రెండు వేర్వేరు ప్రజాతులు ఉన్నాయని సమీక్షలో లెక్క కడతాడు. జీవవైవిధ్య సూచీలు గణించేవారికి ఇది చిన్న పొరపాటు కాదు. ఒకే సాలీడు రెండు వరుసల్లో చేరి వైవిధ్యాన్ని పెంచి చూపిస్తుంది. బెర్న్ నగరంలోని ప్రకృతి చరిత్ర ప్రదర్శనశాల నిర్వహించే ప్రపంచ సాలీళ్ళ సూచిక అంతర్జాలంలో ఉచితంగానే లభిస్తోంది. అందులో 2022లోనే జాతుల సంఖ్య 50,000 దాటింది. వ్యాసం పంపే ముందు ప్రతి పేరునూ అందులో సరిచూడటానికి ఒక మధ్యాహ్నం చాలు.

ఇక్కడే మరొక చిన్న విషయం. గ్లెనోగ్నాత డెంటాటా తరువాత కర్తల పేర్లు, సంవత్సరం కుండలీకరణాల్లో ఉంటాయి: (జు, వెన్, 1978). మన వ్యాసాల్లో ఈ కుండలీకరణాలను ముద్రణ అలంకారంగా భావించి ఒకచోట పెట్టి మరొకచోట తీసివేస్తున్నారు. జంతు నామకరణ నియమావళి ప్రకారం, ఆ జాతిని మొదట వేరొక ప్రజాతిలో వర్ణించి తరువాత ఇక్కడకు మార్చారని అవి తెలుపుతాయి. కుండలీకరణం తీసివేస్తే ఆ చరిత్ర చెరిగిపోతుంది, పాత సాహిత్యాన్ని ఏ పేరుతో వెదకాలో చెప్పే ఆచూకీ పోతుంది. ఈ ఒక్క సూక్ష్మాన్ని తరగతిలో పది నిమిషాలు వివరిస్తే సరిపోతుంది.

ఇక గుర్తింపు విషయానికి వద్దాం. సాలీళ్ళ జాతి నిర్ధారణకు సాధారణంగా ఆధారపడేవి జననాంగాలు. మగ సాలీడులో ముఖం వద్దనున్న స్పర్శాంగాల చివరి భాగం, ఆడ సాలీడులో పొట్ట అడుగున ఉండే గట్టి ఫలకం చూస్తాము. ఏరేనిడే కుటుంబంలోని నియోస్కోనా వంటి వాటిలో ఆ ఫలకం స్పష్టంగా కనిపిస్తుంది. కనుక ఆడది ఎదిగినదా లేదా అన్నదీ, ఏ జాతి అన్నదీ తేల్చడం కొంత సులభం. టెట్రాగ్నాత, పాకిగ్నాత, గ్లెనోగ్నాత వంటి వాటిలో ఆడ సాలీడుకు ఆ గట్టి ఫలకమే లేదు. బయట కనిపించేది మెత్తని చర్మపు మడత మాత్రమే. లోపలి శుక్రకోశాలను చూడాలంటే ఆ భాగాన్ని విడదీసి, కండరాలను కరిగించి, గాజు పలకపై పరిశీలించాలి. 2 మిల్లీమీటర్ల సాలీడులో ఈ పని ఎంత ఓర్పును కోరుతుందో చేసినవారికే తెలుస్తుంది. ఈ సమూహంలో ఆడది ఎదిగినదా కాదా అన్నదే పైకి చూసి నిశ్చయంగా చెప్పలేని సందర్భాలు ఉంటాయి. అటువంటప్పుడు చేతికటకంతో చూసి జాతి పేరు రాయడం ఎలా సాధ్యం?

ప్రజాతి వరకు చేరడం మాత్రం అసాధ్యం కాదు. మొదటి సూచన ఆకారం. టెట్రాగ్నాత పిల్లలు చిన్నవైనా పొట్ట సన్నగా, పొడవుగానే ఉంటుంది. గ్లెనోగ్నాతలో పొట్ట గుండ్రంగా ఉంటుంది. అయితే గుడ్లతో నిండిన ఆడ టెట్రాగ్నాత పొట్ట ఉబ్బుతుంది, ఆల్కహాలులో ఎక్కువకాలం ఉన్న నమూనా ముడుచుకుపోతుంది. కనుక ఆకారం ఒక్కదానినే నమ్మరాదు. నమ్మదగిన లక్షణం పొట్ట అడుగున ఉంది. సాలీడును వెల్లకిల తిప్పి చూస్తే ముందు భాగంలో పుస్తకాకార శ్వాసకోశాలు, వాటి మధ్య అడ్డంగా ఒక గాడి, వెనుక చివర దారం తీసే గ్రంథుల కొనలు కనిపిస్తాయి. టెట్రాగ్నాతలో శ్వాసనాళ రంధ్రం ఆ కొనలకు దగ్గరగా ఉంటుంది. గ్లెనోగ్నాతలో అది ముందుకు జరిగి, గాడికీ కొనలకూ నడుమ ఉంటుంది. ఈ ఒక్క గుర్తు చూడటానికి మంచి స్టీరియో మైక్రోస్కోపు, పక్కనుంచి పడే వెలుతురు, నమూనాను కదలకుండా నిలబెట్టడానికి గాజు గిన్నెలో కొద్దిగా సన్నని ఇసుక కావాలి. ఇవి లేని కీటక శాస్త్ర విభాగం అరుదు.

పొరపాటుకు మరో మూలం కూడా ఉంది. అదే దుబ్బు మొదట్లో లినిఫిడే కుటుంబానికి చెందిన అటిపెనా ఫార్మొసానా వంటి మరుగుజ్జు సాలీళ్ళూ ఉంటాయి. పరిమాణం దాదాపు ఒకటే. కానీ అవి చక్రాకారపు గూడు అల్లవు, చిన్న దుప్పటి వంటి గూడు పరుస్తాయి, ఆడవాటికి జననాంగ ఫలకం ఉంటుంది. గూడుపై ఉన్న సాలీడును గూటితో సహా చూసి, ఆ తరువాత సేకరిస్తే సగం సందేహం అక్కడే తీరుతుంది. పళ్ళెంలోకి తట్టినప్పుడు ఈ సమాచారం పోతుంది. లెక్కించడానికి పళ్ళెం మంచిదే. గుర్తించడానికి మాత్రం, లెక్క పూర్తయ్యాక కొన్ని దుబ్బుల వద్ద కూర్చుని చూడటం అవసరం.

మగ సాలీళ్ళ విషయంలో ఒక హెచ్చరిక. స్పర్శాంగం చివర ఉబ్బి ఉన్నంత మాత్రాన అది ఎదిగిన మగది కాదు. ఉబ్బు నునుపుగా, లోపలి నిర్మాణాలు బయటపడకుండా ఉంటే, అది ఇంకా ఒక కుబుసం విడవవలసి ఉందని అర్థం. దానికి జాతి పేరు ఇవ్వరాదు. ఒక వారం సీసాలో ఉంచి, చిన్న ఈగలు వేసి పెంచితే కొన్నిసార్లు కుబుసం విడిచి తన గుర్తింపును తానే చెబుతుంది.

"విస్తరణ రంగంలో ఉన్నవారికి ఇంత సూక్ష్మం దేనికి? రైతుకు కావలసింది మందు కొట్టాలా వద్దా అన్న సలహా మాత్రమే కదా" అని సహచరులు అంటారు. ఈ వాదనలో సగం నిజం ఉంది. పొలంబడిలో సాలీడు అన్న మాట చాలు, రైతుకు గ్లెనోగ్నాత అని వల్లె వేయించవలసిన పని లేదు. నేను అభ్యంతరం చెప్పేది మనం మన పత్రికల్లో, సిద్ధాంత వ్యాసాల్లో రాసుకునే పేర్ల గురించి. వాటి మీదనే రేపటి సలహాలు నిలబడతాయి.

వ్యవసాయ పర్యావరణ విశ్లేషణలో శత్రు, మిత్ర జీవుల నిష్పత్తి 2:1 ఉంటే మందు అవసరం లేదన్న సాధారణ సూత్రాన్ని మనందరం బోధిస్తున్నాము. పంటను బట్టి, పురుగును బట్టి ఇది మారవచ్చునని హైదరాబాదులోని జాతీయ మొక్కల ఆరోగ్య నిర్వహణ సంస్థ మార్గదర్శకాలే చెబుతున్నాయి. ఎలా మార్చాలన్నది తేలాలంటే ఏ మిత్రజీవి ఏ పురుగును, ఏ దశలో, మొక్క ఏ ఎత్తులో తింటుందో తెలియాలి. నీటికి దగ్గరగా గూడు అల్లే 2 మిల్లీమీటర్ల సాలీడు కాండం తొలుచు పురుగు రెక్కల పురుగును పట్టలేదు. దాని గూటికి చిక్కగలిగేవి చిన్న ఈగలు, స్ప్రింగ్‌టెయిల్స్, సుడిదోమ తొలి దశ పిల్లలు వంటివే. పైన ఆకుల మధ్య గూడు అల్లే పెద్ద టెట్రాగ్నాత పరిస్థితి వేరు. ఈ రెండింటినీ ఒకే అంకెలో కలిపితే, కాండం తొలుచు పురుగు ఉధృతంగా ఉన్న పొలంలో కూడా మిత్రజీవులు పుష్కలంగా ఉన్నాయని మనం రైతుకు భరోసా ఇచ్చే ప్రమాదం ఉంది. దీనికి విరుద్ధంగా, పైనుంచి వల ఊపి లెక్కించినప్పుడు కింది సాలీళ్ళు లెక్కలోకే రాక, సుడిదోమ విషయంలో అనవసరంగా మందు సిఫారసు చేసే ప్రమాదమూ ఉంది.

ఆ రెండవ ప్రమాదం ఎంత ఖరీదైనదో ఆసియా వరి రైతులకు అనుభవమే. విస్తృత ప్రభావం గల కీటకనాశనులు మిత్రజీవులను చంపి సుడిదోమను విజృంభింపజేసిన తీరును 1984లో కెన్‌మోర్, ఆయన సహచరులు ఫిలిప్పీన్స్ పొలాల్లో చూపించారు. 1986లో ఇండోనేషియా ప్రభుత్వం వరిలో 57 రకాల కీటకనాశనుల వాడకాన్ని నిషేధించింది. అదే దేశంలోని జావాలో సెటిల్ బృందం 1996లో ప్రచురించిన పరిశోధన మన చిరు సాలీళ్ళకు మరింత దగ్గరి విషయం. పంట తొలి వారాల్లో, చీడపురుగులు ఇంకా రాకముందే, కుళ్ళుతున్న సేంద్రియ పదార్థం మీదా నీటిలోని సూక్ష్మజీవుల మీదా బతికే చిన్న పురుగులు విపరీతంగా పెరిగి, సాలీళ్ళ వంటి సర్వభక్షక మిత్రజీవులను పోషిస్తాయని వారు చూపించారు. నాటిన కొద్ది వారాలకే మందు కొడితే ఆ పోషణే తెగిపోతుంది. నీటి అంచున గూడు అల్లే చిరు సాలీడు ఈ తొలి గొలుసులో ముఖ్యమైన లంకె కావచ్చునని నా ఊహ. ఊహ అనే అంటున్నాను. మన పొలాల్లో దానిని పరీక్షించాలంటే ముందు ఆ సాలీడును టెట్రాగ్నాత పిల్లల నుంచి విడదీసి లెక్కించగలగాలి. ఇప్పటి పట్టికలు అందుకు పనికిరావు.

మన వద్ద ఉన్న మూల గ్రంథాల పరిమితి కూడా ఈ పరిస్థితికి కొంత కారణం. పోకాక్ 1900లో వెలువరించిన బ్రిటిష్ ఇండియా జంతుజాల సంపుటం నుంచి బి.కె. టికాదర్ 1980లలో రాసిన సంపుటాల వరకు భారతీయ సాలీళ్ళ అధ్యయనానికి గట్టి పునాది వేశాయి. 1987 నాటి టికాదర్ కరదీపిక ఇప్పటికీ ప్రతి విభాగంలో చేతికి దొరుకుతుంది. అయితే ఏ కరదీపికా అన్ని చిన్న జాతులనూ చేర్చుకోలేదు. చేతిలోని సాలీడు తాళసూచిలో లేనప్పుడు, సూచిలోని దగ్గరి పేరు దగ్గర ఆగిపోవడం మనిషి సహజ లక్షణం. "సూచిలో లేదు" అని రాయడానికి ధైర్యం కావాలి. ఆ ధైర్యాన్ని విద్యార్థికి ఇవ్వవలసింది మార్గదర్శకుడే. జాతి పేరు లేదన్న కారణంతో పట్టికను తిప్పి పంపే పరీక్షకులూ ఉన్నారు. తప్పు పేరు రాయమని మనమే విద్యార్థులకు నేర్పుతున్నామా అన్న అనుమానం నన్ను వదలదు.

డీఎన్ఏ బార్‌కోడింగ్ ఈ చిక్కును తీర్చదా అని యువ శాస్త్రవేత్తలు అడుగుతున్నారు. 2003లో హెబర్ట్ బృందం ప్రతిపాదించిన ఈ పద్ధతి, ముఖ్యంగా మన సమూహంలో, ఎంతో ఉపయోగకరం. ఎదిగిన మగదానితో ఆడదానిని, పిల్లలను జతపరచడానికి అంతకంటె మంచి దారి లేదు. కానీ బార్‌కోడు పోల్చేది అప్పటికే ఎవరో పేరు పెట్టి నిక్షిప్తం చేసిన వరుసక్రమంతో. ఆ మొదటి నమూనాకు పెట్టిన పేరు తప్పయితే యంత్రం అదే తప్పును వంద శాతం సారూప్యంతో తిరిగి ఇస్తుంది. కాలు ఒకటి డీఎన్ఏకు తీసి, మిగిలిన దేహాన్ని భద్రపరిస్తేనే ఆ తప్పును ఎప్పటికైనా పట్టుకోగలము.

భద్రపరచడం ఖర్చుతో కూడిన పని కాదు. బిగుతైన మూత గల చిన్న సీసా, 75 శాతం ఆల్కహాలు, సీసా లోపలే పెన్సిలుతో రాసిన చీటీ ఉంటే చాలు. బాల్‌పెన్ను సిరా ఆల్కహాలులో కరిగిపోతుంది, బయట అతికించిన చీటీ రెండేళ్ళకు ఊడిపోతుంది. ఊరు, అక్షాంశ రేఖాంశాలు, తేదీ, వరి రకం, పంట దశ, నీటి నుంచి ఎంత ఎత్తులో దొరికింది, ఎలా సేకరించారు, ఎవరు సేకరించారు అన్నవి ఆ చీటీలో ఉండాలి. మన విభాగాల్లో ఆల్కహాలు ఆవిరై సాలీళ్ళు ఎండి పొడి అయిన సీసాలను చాలా చూశాను. ఏడాదికి రెండుసార్లు ఆల్కహాలు నింపే బాధ్యత ఎవరిదో ఉత్తర్వులో రాస్తే తప్ప ఆ పని జరగదు. ముఖ్యమైన నమూనాలను భారత జంతు సర్వేక్షణ సంస్థ వంటి గుర్తింపు పొందిన భాండాగారానికి పంపడం మరింత మేలు, దానికి హైదరాబాదులోనే ప్రాంతీయ కేంద్రం ఉంది. కొత్త జాతి అని తేలిన పక్షంలో అటువంటి భాండాగారంలో నమూనాను అప్పగించాలని 2002 నాటి జీవవైవిధ్య చట్టమే నిర్దేశిస్తోంది.

విశ్వవిద్యాలయాల పత్రికలకు నా విజ్ఞప్తి ఒక్కటే. సాలీళ్ళ సంఖ్యతో వచ్చే ప్రతి వ్యాసంలో, ఏ లక్షణం చూసి ప్రజాతిని నిర్ధారించారో ఒక వాక్యం, నమూనాలు ఎక్కడ ఉన్నాయో మరొక వాక్యం తప్పనిసరి చేయండి. పిల్ల సాలీళ్ళకు జాతి పేరు రాస్తే కారణం అడగండి. "టెట్రాగ్నాతిడే, పిల్లలు, ప్రజాతి తేలలేదు" అన్న వరుసను లోపంగా చూడవద్దు. తప్పు పేరుతో నిండిన పట్టికకంటె ఈ వరుస నాకు ఎక్కువ విలువైనదిగా కనిపిస్తుంది, ఎందుకంటె తరువాత వచ్చినవారు దానిని పూరించగలరు.

మొదట చెప్పిన ఆ విద్యార్థి ఇప్పుడు ఒక పరిశోధన స్థానంలో పనిచేస్తున్నారు. గత పంటకాలంలో నీటి మట్టం దగ్గర సేకరించిన చిన్న సాలీళ్ళను పన్నెండు సీసాల్లో పెట్టి పంపారు. ప్రతి సీసాలోనూ పెన్సిలు చీటీ ఉంది. పైపై పరిశీలనలో ఎక్కువ భాగం పిల్లలే. రెండింటికి మాత్రం స్పర్శాంగాలు ఉబ్బి, నిర్మాణాలు బయటపడి ఉన్నాయి. వాటిని వెల్లకిల తిప్పి శ్వాసనాళ రంధ్రం ఎక్కడుందో చూడవలసి ఉంది. మైక్రోస్కోపు బుధవారం ఖాళీ అవుతుందట.